ట్రోజన్, గుర్రపుడెక్క, వంటల దగ్గర ఫోటో

పద్మ: నమస్కారమండీ. వారం తప్పించి వచ్చాం, తిట్టుకోకండి. మా శీను గొంతు పోయింది. ఎందుకు పోయిందో మాత్రం చెప్పడు.

శీను: తీర్థంలో అరిచానండీ, అంతే.

పద్మ: ఎవరి మీద?

శీను: వదినా, టాపిక్ చెప్పండి.

పద్మ: సరే. ఇవాళ ట్రోజన్లు, అంటే మంచి సాఫ్ట్‌వేర్‌లా వేషం వేసుకుని దూరే దొంగ ప్రోగ్రాములు. మన కంప్యూటర్‌లో దూరిందో లేదో ఎలా తెలుస్తుంది, దూరితే ఎలా తీయాలి. ఇరవై నిమిషాల్లో ముగిస్తామని మీ అన్నయ్యకి మాటిచ్చాను.

శీను: మండపేట ప్రింటర్ రోజు కూడా ఇలాగే మాటిచ్చారు.

పద్మ: (నవ్వు) దాని ఊసెత్తకు. మొదలుపెట్టు.

శీను: ఆయ్. మొన్న రావులపాలెం నుంచి ఒకాయన సీపీయూ మోసుకొచ్చారండీ. ఫ్లెక్సీలు, శుభలేఖలు కొట్టే షాపు. పెళ్లిళ్ల సీజన్, ఊపిరాడని పని. సిస్టమ్ ఊరికే ఉన్నా ఫ్యాన్ రైసుమిల్లులా మోగుతోంది. ఆయన మెయిల్ నుంచి ఆయనకే తెలియకుండా అందరికీ ఏవో ఫైళ్లు పోతున్నాయి. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్, డిఫెండర్, ఆఫ్ అయిపోయి ఉంది. ఆన్ చేస్తే మళ్లీ ఆఫ్.

పద్మ: అది పెద్ద గుర్తు. సిస్టమ్ నెమ్మదైనంత మాత్రాన ట్రోజన్ అనుకోనక్కర్లేదు, పాత సిస్టమ్‌లు ఎలాగూ నెమ్మదే. కాపలావాణ్ణే ఎవరో పడుకోబెట్టారంటే మాత్రం అనుమానించాలి. ఎక్స్‌క్లూజన్స్ చూశావా?

శీను: చూశాను. డిఫెండర్ వెతకకూడని జాబితాలో మొత్తం సీ డ్రైవే పెట్టేశారు. తాళంచెవి దొంగకిచ్చి, దొంగని పట్టుకోలేదని కుక్కని తిట్టినట్టుంది.

పద్మ: ఎవరు పెట్టారు?

శీను: ఆయనే! తెలుగులో పేజీలు కూర్చే డీటీపీ సాఫ్ట్‌వేర్ క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారట. దాంతో పాటు ఒక నోట్‌ప్యాడ్ ఫైలు. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయండి అని రాసుంది. ఈయన బుద్ధిగా చేశారు.

పద్మ: అందుకే దానికి గ్రీకు కథలో సైనికుల్ని కడుపులో దాచుకుని ట్రాయ్ కోటలోకి వెళ్లిన చెక్కగుర్రం పేరు. వైరస్ ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకి తనే అంటుకుంటూ పోతుంది. ట్రోజన్‌ని మనమే కోటలోకి లాక్కొస్తాం, పైగా తలుపు తీసి మరీ. 1989లోనే ఎయిడ్స్ సమాచారం అని చెప్పి ఫ్లాపీలు పోస్టులో పంపారు. వేసుకున్నవాళ్ల ఫైళ్ల పేర్లన్నీ గజిబిజి చేసి, 189 డాలర్లు పనామాలోని పోస్టుబాక్సుకి పంపమంది. అప్పుడు ఫ్లాపీ, ఇప్పుడు పెన్‌డ్రైవ్.

శీను: గుర్రం అంటే గుర్తొచ్చిందండీ…

పద్మ: వద్దు.

శీను: గుర్రపుడెక్క…

పద్మ: వచ్చేసింది. శ్రోతలూ, ఎన్నో నిమిషమో రాసుకోండి.

శీను: వదినా, నిజంగా సంబంధం ఉంది. దాన్ని మన దేశానికి ఎవరు తెచ్చారు? ఎక్కడో అమెజాన్ మొక్క. ఊదాపూలు బాగున్నాయని అందం కోసం బెంగాల్లో పెంచారు. అక్కడినుంచి దేశమంతా పాకింది. మా కాలవలో నీళ్లు కనబడి ఎన్నాళ్లయింది? శివారు చేలకి నీరు రాదు, వర్షం పడితే మురుగు దిగదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు కదా, అప్పుడు చెప్పుకున్న కష్టాల్లో ఈ మురుగు కూడా ఉంది. ఏటా వేసవిలో కాలవ కట్టేశాక తీస్తారు. ఒక్క పిలక మిగిలితే చాలు, రెండు వారాల్లో రెట్టింపు. విత్తనం బురదలో ఏళ్ల తరబడి పడుంటుంది. అందుకే నేను ఆయనకి ఒకటే చెప్పాను. ఫార్మాట్.

పద్మ: నువ్వు మౌస్ పనిచేయకపోయినా ఫార్మాటే అంటావు.

శీను: తప్పేముంది? గంటన్నర పని.

పద్మ: ముందు పేరు చూడాలి. డిఫెండర్‌లో ప్రొటెక్షన్ హిస్టరీ తెరిస్తే ఏం దొరికిందో ఉంటుంది. పేరులో మొదటి ముక్కే దాని కులం. హ్యాక్‌టూల్ అనా, ట్రోజన్ అనా, బ్యాక్‌డోర్ అనా, పీడబ్ల్యూఎస్ అనా. బ్యాక్‌డోర్ అంటే బయటివాడు లోపలికి రావడానికి దొడ్డిదారి తెరిచే రకం. పీడబ్ల్యూఎస్ అంటే పాస్‌వర్డులు ఎత్తుకుపోయే రకం. బ్రౌజర్‌కి అంటుకున్న ప్రకటనల చెత్తకి సిస్టమ్ అంతా తుడవడమెందుకు?

శీను: ఏ కులమైనా నాకొకటే.

పద్మ: మొదట ఇంటర్నెట్ పీకెయ్యాలి. వైఫై ఆపేస్తే అది తనని పంపినవాడితో మాట్లాడలేదు. తర్వాత డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటుంది. సిస్టమ్ తనే రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే వెతుకుతుంది. పదిహేను నిమిషాలు. విండోస్ లేవకపోతే ట్రోజన్ కూడా లేవదు, దాక్కోవడం కుదరదు. ఇది చాలామందికి తెలియనే తెలియదు.

శీను: అందులో దొరకనివి ఉంటాయి కదా?

పద్మ: ఉంటాయి. అప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆటోరన్స్. ఉచితమే. సిస్టమ్‌తో పాటు లేచేవన్నీ ఒకచోట చూపిస్తుంది. వేళకి పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్ కూడా చూడాలి. ఫైలు తీసేసినా, పది నిమిషాలకోసారి మళ్లీ దించుకోమని అక్కడ ఒక పని రాసిపెట్టి ఉంటుంది.

శీను: అదే పిలక!

పద్మ: …సరే, ఒప్పుకుంటున్నా.

శీను: ఎస్‌వీసీహోస్ట్ అని విండోస్ సొంత ప్రోగ్రామ్ ఒకటుంది, దాని సంగతి నేను చెప్తాను. టాస్క్ మేనేజర్‌లో ఆ పేరుతో పదుల కొద్దీ ఉంటాయి, చూసి కంగారుపడకండి. రైట్ క్లిక్ చేసి ఫైల్ లొకేషన్ తెరవండి. విండోస్ లోపల సిస్టమ్32లో ఉంటే ఇంటిమనిషి. యాప్‌డేటాలోనో టెంప్‌లోనో ఉందంటే అదే పేరు పెట్టుకొచ్చిన పరాయివాడు. ఫార్మాట్.

పద్మ: మళ్లీ!

శీను: వదినా, మీరు కాలేజీలో పిల్లలకి చెప్తారు, టైమ్ ఉంటుంది. నా దగ్గరికొచ్చేవాడు సాయంత్రానికి శుభలేఖ ప్రింటు తీయాలి. మూడు సాయంత్రాలు వెతికి, అంతా పోయిందండీ అని చెప్పి పంపిస్తే, రేపు ఆయన బ్యాంకు ఖాతాకి పూచీ ఎవరు? నిజంగా పోయిందని మీరు సంతకం పెడతారా?

పద్మ: పెట్టను. బ్యాక్‌డోర్ రకమైతే నేనూ తుడిచేయమనే అంటాను. కానీ నువ్వు చేసేది ఏంటి? సీ డ్రైవ్ ఒక్కటే కొట్టి డీ డ్రైవ్ వదిలేస్తావు. ఆ క్రాక్ సెటప్ ఎక్కడుంది?

శీను: …డీలో.

పద్మ: ఫార్మాట్ చేశాక ఆయన మొదట ఏం ఇన్‌స్టాల్ చేసుకుంటాడు?

శీను: అదే. డీటీపీ లేకపోతే ఆయనకి రోజు గడవదు.

పద్మ: మరి నీ గుర్రపుడెక్క విత్తనం బురదలో భద్రంగా ఉంచి, పైన నీళ్లు తోడినట్టే కదా?

(కాసేపు నవ్వులు)

శీను: ఇది అన్యాయం. నా కాలవతో నన్నే కొట్టారు.

పద్మ: ఇంకోటి. తుడిచినా, తీసినా సగమే. లోపలున్నన్నాళ్లూ అది తీసుకెళ్లినవి ఉన్నాయిగా. పాస్‌వర్డులన్నీ మార్చాలి, ఆ సిస్టమ్ నుంచి కాదు, శుభ్రంగా ఉన్న ఫోన్ నుంచి. మార్చి, అన్నిచోట్లా లాగౌట్ చేయాలి. బ్రౌజర్‌లో మన లాగిన్ గుర్తుపెట్టుకునే కుకీ ఎత్తుకుపోతే పాస్‌వర్డ్, ఓటీపీ ఏమీ లేకుండానే దొంగ మన మెయిల్‌లో కూర్చుంటాడు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. ఆయన మెయిల్ మార్పించావా?

శీను: పాస్‌వర్డ్ మార్పించాను. లాగౌట్… ఇవాళే ఫోన్ చేస్తాను.

పద్మ: ఫైలు పేర్ల సంగతి కూడా చెప్పేయ్.

శీను: ఎక్స్‌టెన్షన్లు, అంటే ఫైలు పేరు చివరి ముక్కలు, కనబడేలా పెట్టుకోండి. శుభలేఖ డాట్ పీడీఎఫ్ అని కనిపిస్తుంది, వెనకాల డాట్ ఈఎక్స్‌ఈ దాక్కుని ఉంటుంది, అంటే అది ప్రోగ్రామే. ఫోన్‌లో శుభలేఖ ఏపీకేగా, అంటే యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైలుగా వస్తే… మన వైపు ఏ మేనమామ అయినా ఏపీకేతో పిలుస్తాడా? కార్డు పట్టుకుని ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలుస్తారు. ఇంతకీ ఒక మాట, నేను ఫార్మాట్ చేసేముందు ఫోటోలు అవీ కాపీ చేసే ఇస్తాను.

పద్మ: ఎప్పటినుంచి?

శీను: …

పద్మ: చెప్పు. ఎప్పటినుంచి కాపీ చేసి ఇస్తున్నావు?

శీను: 2016 నుంచండీ.

పద్మ: శ్రోతల్లో పాతవాళ్లకి తెలుసు. కొత్తవాళ్లకి చెప్పను.

శీను: వదినా, అప్పటికి షాపు పెట్టి రెండు నెలలు. మీ సిస్టమ్‌లో డీ కూడా కొట్టేశానని ఇంటికెళ్లాక తెలిసింది.

పద్మ: మా పెళ్లి ఆల్బమ్ ఉందిలే. అందులో మా నాన్న పెళ్లికూతురి తండ్రిగా బిగదీసుకుని నిలబడ్డవే ఉన్నాయి. వంటల దగ్గర గరిటె పట్టుకుని, పులిహోరలో ఉప్పు తక్కువైందని వంటవాళ్లని తిడుతున్న ఫోటో మా చిన్నాన్న కెమెరాలోది. ఒక్క ఆ సిస్టమ్‌లోనే ఉండేది. నాన్న పోయాక నాకు గుర్తొచ్చేది ఆ మొహమే.

శీను: …

పద్మ: ఇప్పుడెందుకులే. ఇంకేముంది మిగిలింది? విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు అయిపోయింది, అది చెప్పాలి. ఇంకా దానిమీదే ఉంటే…

శీను: వదినా. ఆ డిస్క్ నా దగ్గరే ఉంది.

పద్మ: ఏ డిస్క్?

శీను: మీదే. ఫార్మాట్ చేసిన వారానికి టకటకమని శబ్దం వస్తోందని కొత్తది వేసి, పాతది నేను తీసుకెళ్లాను కదా. పారేయలేదు.

పద్మ: దాన్ని వాడావా? మీద ఏమైనా రాశావా?

శీను: సీలో విండోస్ వేశాను, అంతే. డీ కొట్టింది క్విక్ ఫార్మాటే. తర్వాత ఎక్కడా తగిలించలేదు. భయమేసి.

పద్మ: క్విక్ ఫార్మాట్‌లో జాబితానే పోతుంది శీనూ. పైన వేరేది రాయకపోతే ఫైళ్లు అక్కడే ఉంటాయి. ఆ సంగతి నీకు తెలియదా?

శీను: తెలుసండీ. శబ్దం చేసే డిస్క్, తగిలిస్తే అక్కడికక్కడే ఆగిపోతే మీకేం చెప్పాలి అని…

పద్మ: తొమ్మిదేళ్ల పైనే అయింది. ఎక్కడుంది?

శీను: మా అటక మీద. ఇత్తడి గంగాళంలో, పాతబట్టలో చుట్టి.

పద్మ: పవర్ పెట్టకు. పెన్‌డ్రైవ్‌లా గుచ్చకు. రాజమండ్రిలో రికవరీ చేసేవాళ్లని ముందు కనుక్కుందాం. మైక్ ఆపు.

శీను: ముగింపు చెప్పలేదు వదినా, ఇంకా విండోస్ 10…

పద్మ: ఆపు శీనూ. నిచ్చెన ఎక్కడుంది?