సుగ్గికి పోకముందే ఒక్క పరీక్ష
(ఆదోని ప్రాంత పొదుపు సంఘాల మహిళల సమావేశంలో ఒక గైనకాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, చెల్లెళ్లకు, ఇంటింటికీ తిరిగి మిమ్మల్ని పిలుచుకొచ్చిన ఆశా కార్యకర్తలకు నమస్కారం.

ఇంకొన్నాళ్లకు మీలో చాలామంది ఇళ్లకు తాళాలేసి, పిల్లల్ని వెంటేసుకుని గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోతారు. ఆ లోపే ఒక మాట చెప్పాలి.

గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. కాపురం చేసే ఎవరికైనా అది సోకవచ్చు. దానికి మొగుడూపెళ్లాలు పంచాయితీ పెట్టుకోవద్దు. చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా నిలిచిపోతే, పది పదిహేనేళ్లకు కొందరిలో క్యాన్సర్ అవుతుంది. అన్నేళ్లూ నొప్పి ఉండదు. కలయిక తర్వాతో, ముట్లు నిలిచాకో రక్తం కనిపించి ఆస్పత్రికి వచ్చేసరికి చాలాసార్లు జబ్బు ముదిరి ఉంటుంది.

2022లో ప్రపంచంలో సుమారు 3.5 లక్షల మంది దీనితో చనిపోయారు. వాళ్లలో నూటికి 94 మంది మనలాంటి దేశాలవాళ్లే. జబ్బును ముందే పట్టేందుకు ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ మంచి పరీక్షే గానీ దానికి ల్యాబు కావాలి, రిపోర్టు కోసం మళ్లీ రావాలి. ఆ రిపోర్టు వచ్చేసరికి మీరు మిరప చేలో ఉంటారు.

అందుకే నేను వీఐఏ పరీక్ష గురించి ఇంతగా చెబుతున్నా. నర్సమ్మ దూదితో పలచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్ లాంటిది, ముఖద్వారానికి అద్ది ఒక్క నిమిషం ఆగుతుంది. అనుమానం ఉన్నచోట తెల్లమచ్చ తేలుతుంది. చిన్న మచ్చయితే వేడి పరికరంతో నిమిషం లోపే కాల్చేసి అదే రోజు ఇంటికి పంపొచ్చు. తమిళనాడు దిండిగల్ జిల్లాలో నర్సులే ఈ పరీక్ష చేయగా, చేయని ఊళ్లతో పోలిస్తే మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో తేలింది.

ముప్పై దాటినవాళ్లు అయిదేళ్లకోసారి చేయించుకోండి. ముట్లు నిలిచినవాళ్లకు వీఐఏ సరిగా పట్టివ్వదు, వాళ్లకు హెచ్‌పీవీ పరీక్ష మేలు. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకా వేయించండి.

ఇంకొకటి, నన్ను బాగా బాధపెట్టేది. తెల్లబట్ట అయితే చాలు, క్యాన్సర్ వస్తుందని భయపెట్టి ముప్పై ఏళ్లకే గర్భసంచి తీసేస్తున్నారు. అప్పు చేసి మరీ ఆపరేషన్ చేయించుకుంటున్నారు. ముందు పరీక్ష అడగండమ్మా.

అధికారులకూ ఒక విన్నపం. మహిళా దినోత్సవమని మార్చిలో శిబిరాలు పెడితే ఊళ్లో ముసలివాళ్లే ఉంటారు. సుగ్గికి బండ్లు కదలకముందే పెట్టండి. పరీక్ష చేసే నర్సుతో పాటు ఆ వేడి పరికరాన్నీ పంపండి.