మన ఎమ్మెల్యే కమిటీ మీటింగ్‌కి వెళ్తున్నారా?

[విజువల్: మెట్రో రైల్లోంచి అసెంబ్లీ భవనం, తెల్లటి గుమ్మటాలు]

నమస్తే అండీ. అసెంబ్లీ మెట్రో స్టేషన్ దగ్గర కనిపించే ఈ తెల్ల భవనంలోనే 2025 మార్చి 19న 3,04,965 కోట్ల రూపాయల తెలంగాణ బడ్జెట్ పెట్టారు. అంత ఖర్చుకు సరే అనేది 119 మంది ఎమ్మెల్యేలు. సరే అన్నాక ఆ డబ్బు ఏమైందో అడగాల్సిందీ వాళ్లే. అడిగే పని అసలు ఏ కమిటీ గదిలో జరుగుతుంది, ఆ గదికి ఎవరొస్తున్నారు? ఇవాళ అది చూద్దాం.

ముందు హాజరు గొడవ తేల్చేద్దాం. "60 రోజులు రాకపోతే పదవి ఊడుతుందట కదా అన్నా" అని కామెంట్లలో ఒకటే అడుగుతున్నారు. రాజ్యాంగం 190(4) ప్రకారం, సభ అనుమతి లేకుండా 60 రోజుల పాటు ఏ సమావేశానికీ రాకపోతే సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించొచ్చు. ప్రకటించి తీరాలని మాత్రం లేదు. పైగా సభ ప్రోరోగ్ అయిన, అంటే సమావేశాలు అధికారికంగా ముగిసిన రోజులూ, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన రోజులూ లెక్కలోకి రావు. మన దగ్గర ఏడాదంతా కలిపినా సభ నడిచే రోజులు మామూలుగా 60కి చేరవు. ఇక పదవి ఎక్కడ ఊడుతుంది?

మధ్యలో ఒక్కరోజు వచ్చి సంతకం పెట్టినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ స్పీకర్ అయ్యన్నపాత్రుడు సభలోనే అన్నారు, కొందరు వైసీపీ ఎమ్మెల్యేల సంతకాలు రిజిస్టర్‌లో ఉన్నాయి, మనుషులు మాత్రం సభలో కనిపించడం లేదని. ఇది ఒక్క పార్టీ జబ్బు కాదు లెండి. 2021 నవంబరులో చంద్రబాబు, మళ్లీ ముఖ్యమంత్రిగానే వస్తానని సభలోంచి వెళ్లిపోయారు. ఇక్కడ కేసీఆర్ ప్రతిపక్ష నేత అయ్యాక సభకు వచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇవన్నీ మీకు తెలిసినవే, టీవీలో రోజంతా వేశారు.

టీవీలో వేయని గది ఒకటుంది. ప్రజా పద్దుల కమిటీ, అంటే పీఏసీ. ప్రభుత్వం పెట్టిన ఖర్చును పరిశీలించే సభా కమిటీ ఇది.

[విజువల్: సైఫాబాద్ ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసు గేటు, అక్కడి నుంచి అసెంబ్లీ వైపు రోడ్డు]

తెలంగాణలో ఈ కమిటీలో 13 మంది ఉంటారు: 9 మంది ఎమ్మెల్యేలు, 4 మంది ఎమ్మెల్సీలు. మంత్రులకు చోటు లేదు. చైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం లోక్‌సభలో 1967 నుంచి ఉన్న ఆనవాయితీ. 2024 సెప్టెంబరులో శేరిలింగంపల్లి ఎమ్మెల్యే అరెకపూడి గాంధీకి ఈ పదవి ఇస్తే, బీఆర్ఎస్ తరఫున గెలిచిన ఆయన కాంగ్రెస్‌లోకి వెళ్లారు కదా అని బీఆర్ఎస్ గట్టిగా అడ్డుపడింది. బీఆర్ఎస్ ఎమ్మెల్యే కౌశిక్ రెడ్డితో సవాళ్లు, ఇంటి ముందు గొడవ, పోలీసులు, అన్నీ లైవ్‌లో చూశాం. ఆ తర్వాత కమిటీ ఏ శాఖను పిలిచింది, ఏం అడిగింది? మీలో ఒక్కరికైనా గుర్తుందా?

ఈ కమిటీ పని ఎలా నడుస్తుందో ఒక రోడ్డు బిల్లుతో చెప్తాను. ఇది ఊహించి చెప్తున్నదే, ఏ ఊరి రోడ్డూ కాదు. ఆడిట్ వాళ్లు డివిజన్ ఆఫీసుకు వెళ్లి ఎం-బుక్ తెరుస్తారు. వేసిన రోడ్డు కొలతలు రాసే పుస్తకం అది. అందులో మందం ఒకటి, తవ్వి చూస్తే ఇంకొకటి. అభ్యంతరం రాస్తారు, శాఖ జవాబిస్తుంది, జవాబు నప్పకపోతే అది ఒక ప్యారాగా కాగ్, అంటే ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే రాజ్యాంగ సంస్థ, రిపోర్టులోకి ఎక్కుతుంది. రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం రిపోర్టు గవర్నర్‌కు, అక్కడి నుంచి సభకు, సభ నుంచి పీఏసీకి వెళ్తుంది. ఇక్కడ శాఖ కార్యదర్శి వచ్చి కూర్చోవాలి. కాగితాలు చదివొచ్చిన సభ్యుడు ఒక్కడున్నా చాలు: "ఈ కొలత రాసిందెవరు? పై ఇంజినీరు చెక్ చేసిన తేదీ ఏది? అదనంగా ఇచ్చింది రాబట్టారా?" అని అడిగితే కార్యదర్శికి చెమటలు పడతాయి. చదివొచ్చినవాళ్లు లేరనుకోండి, "రిమార్క్స్ తెప్పించి పంపిస్తాం సార్" అంటారు, టీ తాగుతారు, తర్వాతి ప్యారా. ఆ పంపిస్తాం అన్నది రెండేళ్లకు వచ్చినా అడిగే నాథుడుండడు.

సభలో వాకౌట్ చేస్తే మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. ఇక్కడ కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరికీ తెలియదు. నా లెక్కలో ఖరీదైన గైర్హాజరు ఇదే.

కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టు చూడండి. 2023 అక్టోబరులో అందులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. 2024 ఫిబ్రవరి 15న కాగ్ రిపోర్టు సభ ముందుకొచ్చింది. కేంద్ర జలసంఘానికి చూపిన ఖర్చు 81,911 కోట్లు, అది 1.47 లక్షల కోట్లు దాటేలా ఉందని అందులో రాశారు. పెట్టే రూపాయికి తిరిగొచ్చేది 52 పైసలే అని కూడా. సభలో రెండు పక్షాలూ తిట్టుకున్నాయి. తర్వాత రిటైర్డ్ జడ్జీతో విచారణ కమిషన్ వేశారు, మంచిదే. కానీ బ్యారేజీ కుంగక ముందే, పనులు నడుస్తున్నప్పుడే ఏటా అడగడానికి పీఏసీ అనేది ఒకటుంది కదా? దానికి కొత్త జీవో అక్కర్లేదు, రిటైర్డ్ జడ్జీ అక్కర్లేదు.

మరి బడ్జెట్ సమావేశాల్లోనే అన్నీ అడగొచ్చుగా అంటారేమో. టైమ్ ఉండదు. చర్చకు రాని పద్దుల్ని చివర్లో ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు, దాన్నే గిలెటిన్ అంటారు. సభ నడవడానికి కావాల్సిన కోరం కూడా పదో వంతే, 119లో 12 మంది.

[విజువల్: ఖాళీ దరఖాస్తు కాగితం, పెన్ను]

లోక్‌సభ పీఏసీ రిపోర్టు ఏదైనా తెరిచి చివరి పేజీలకు వెళ్లండి. ఏ మీటింగ్‌కు ఎవరొచ్చారో మినిట్స్‌లో పేర్లతో ఉంటుంది. మన ఎమ్మెల్యేల సంగతి కావాలంటే శాసనసభ సచివాలయంలోని పౌర సమాచార అధికారికి 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టండి. ఒక్క జాగ్రత్త: కమిటీలో ఏం మాట్లాడారు అని రాయకండి. సభా హక్కుల పేరు చెప్పి ఆర్టీఐ చట్టం 8(1)(సి) కింద తిప్పికొట్టే వీలుంది. ఇలా రాయండి: "పీఏసీ ఏయే తేదీల్లో సమావేశమైంది? ప్రతి సమావేశానికి హాజరైన సభ్యుల పేర్లు ఇవ్వగలరు." జవాబుకు గడువు 30 రోజులు. వచ్చిన కాగితం ఫొటో తీసి మాకు పంపండి, నియోజకవర్గాల వారీగా ఇక్కడే చదువుదాం.