మూసిన హాల్లో వేప్: మర్యాద ఎవరి కోసం?

(కడపలో కల్యాణ మండపాల నిర్వాహకులు, హోటళ్లవాళ్లు, డిగ్రీ విద్యార్థులు కలిసిన సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నేను డాక్టరును కాదు, పోలీసును కాదు. డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ-సిగరెట్ తాగితే తాగినవాడి ఒంటికి ఏమవుతుందో చెప్పడానికి నాకంటే తెలిసినవాళ్లున్నారు. నేను పక్కన కూర్చున్నవాళ్ల సంగతి మాట్లాడతాను. తలుపులు మూసిన హాల్లో, నలుగురూ ఉన్నచోట ఒకరు వేప్, అంటే ఈ-సిగరెట్, తీస్తే ఆ మనిషి ఏం ఆలోచించాలి, పక్కవాళ్లు ఎట్లా చెప్పాలి, హాలు నడిపేవాళ్లు ముందే ఏం చేసిపెట్టుకోవాలి? ఈ మూడింటి గురించీ మనం ఇంతవరకు కూర్చుని మాట్లాడుకోలేదు.

ముందు మన గాలి సంగతి చూద్దాం. తలుపులు బిగించుకుని పెళ్లి చేయడం కడపలో పాత అలవాటు కాదు. ఇంటి ముందు పందిరి వేసేవాళ్లు, లేదంటే గుడి ఆవరణలో చేసేవాళ్లు. చుట్ట, బీడీ తాగేవాళ్లు పందిరి చివర చెట్టు కింద చేరేవాళ్లు. ఎటు పోవాలో పొగే చూసుకునేది. ఇప్పుడు ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంటే ఏసీ లేని మండపానికి అడ్వాన్సు ఇచ్చేవాళ్లు తక్కువ. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. చల్లదనం పోతుందని కిటికీలు వేస్తాం, తలుపు దగ్గర మనిషిని పెట్టి మరీ మూయిస్తాం. అంటే ముహూర్తం నుంచి భోజనాల దాకా అందరం ఒకే గాలిని పంచుకుంటున్నాం.

పొగకు మన సీమలో ఒక మర్యాద ఉండేది. నాయన ఎదురొస్తే బీడీని పిడికిట్లో దాచేవాళ్లు. మేనమామ ముందు, సారు ముందు, ఊరి పెద్ద ముందు తాగేవాళ్లు కాదు. ఆ మర్యాదను నేను తక్కువ చేసి మాట్లాడను. అది ఎంతోమందిని కాస్త అదుపులో ఉంచింది. అయితే అది చూసింది వయసును, హోదాను. ఎదుటివాళ్ల ఊపిరితిత్తులను చూడలేదు. నాయన ముందు దాచినవాడే ఇంటికొచ్చి ఉయ్యాల పక్కన కూర్చుని తాగాడు. పెద్దాయనను చూసి ఆర్పినవాడే టీ కొట్టులో గ్లాసులు కడిగే పిల్లోడి మొహాన వదిలాడు. చిన్నవాళ్లకు, ఆడవాళ్లకు, పనివాళ్లకు ఆ మర్యాదలో చోటు లేకపోయింది.

ఇప్పుడొచ్చిన ఈ వస్తువు ఆ పాత మర్యాదకు కూడా అందలేదు. నిప్పు లేదు, బూడిద లేదు, పారేయడానికి పీక లేదు. దాచుకోవాల్సిన అవసరమే కనిపించదు. నేను ఒక రిసెప్షన్‌లో చూశాను. మూడో వరసలో ఇరవై ఏళ్లుంటాయేమో ఒక కుర్రాడు కూర్చున్నాడు. చేతిలో పెన్‌డ్రైవ్‌కు కాస్త పెద్దదిగా ఉంది ఆ వస్తువు. గడ్డం గోక్కుంటున్నట్టు పిడికిలి నోటి దగ్గరికి తెచ్చాడు. వేళ్ల సందున చిన్న నీలం లైటు వెలిగి ఆరింది. కాసేపు ఊపిరి బిగబట్టి, తల వంచి, షర్టు కాలర్‌లోకి వదిలాడు. పక్క కుర్చీలో వాళ్ల అవ్వే కావొచ్చు, "యాడ్నుంచి అబ్బీ ఈ మామిడిపండు వాసన?" అని అటూ ఇటూ చూసింది. ఆమె ఒళ్లో రెండేళ్ల పాప నిద్రపోతోంది. ఆ కుర్రాడు చెడ్డవాడని నేను అనుకోలేదు. అంతకు ముందే ఆ అవ్వను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి తెచ్చింది అతనే. తను వదిలింది వాళ్లిద్దరి లోపలికీ పోతోందన్న ఊహే అతనికి లేదు.

"ఇది ఉత్త ఆవిరి సార్" అని నాతో చాలామంది పిల్లలు అన్నారు. ఆ మాట కెమిస్ట్రీకి నిలవదు. ఇడ్లీ పాత్రలో నుంచి వచ్చేది నీటి ఆవిరి. వేప్‌లో ఉండే ద్రవంలో ప్రధానంగా ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ ఉంటాయి. వాటితో పాటు ఫ్లేవర్లు, చాలావాటిలో నికోటిన్. బ్యాటరీ ఒక చిన్న లోహపు తీగచుట్టను వేడెక్కిస్తుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర మరుగుతుంది, గ్లిజరిన్ 290 దగ్గర. అంత వేడికి లేచినది బయటికి రాగానే చల్లబడి, విడివిడిగా కంటికి ఆనని సన్నటి చుక్కల తుంపరగా మారుతుంది. మనకు తెల్లగా కనిపించేది ఆ తుంపరే. తీగచుట్ట మరీ వేడెక్కితే ఆ రెండు ద్రవాలూ విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్, ఆక్రోలిన్ వంటివి పుడతాయి. ల్యాబ్‌లో ఫార్మాల్డిహైడ్ సీసా మూత తీసినప్పుడు కళ్లు ఎట్లా మండుతాయో సైన్సు పిల్లలకు నేను చెప్పనక్కరలేదు. తీగలోని నికెల్ లాంటి లోహాలు కూడా ఆ తుంపరలో కొద్ది కొద్దిగా దొరికాయి. తాగినవాడు లాగిన నికోటిన్ అంతా అతని ఒంట్లోనే ఉండిపోదు. కొంత బయటికొచ్చి గాలిలో తేలుతుంది, కొంత సోఫాల మీద, తెరల మీద పడుతుంది.

ఉన్నమాట ఉన్నట్టు చెప్పాలి. కాలే సిగరెట్ పొగతో పోలిస్తే ఈ తుంపరలో విషాలు తక్కువే. పొగాకు మండదు కాబట్టి తారు ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ దాదాపుగా ఉండదు. పక్కవాళ్లకు చేరే మోతాదూ తక్కువే. ఇది దాచి భయపెడితే పిల్లలు రేపు నా మిగతా మాటలు కూడా నమ్మరు. కానీ సిగరెట్ కంటే తక్కువ అన్నది సిగరెట్ తాగేవాడి లెక్క. అవ్వ ఒళ్లో పాప అసలు సిగరెట్ తాగదు కదా. ఆమెకు పోల్చి చూసుకోవాల్సింది మంచి గాలితో.

ఈ మధ్య ఒక విద్యార్థి నన్ను గట్టి ప్రశ్నే అడిగాడు. "పెళ్లికూతురు స్టేజీ ఎక్కేటప్పుడు ఫాగ్ మిషన్ పెట్టి హాలంతా తెల్లగా చేస్తారు కదా సార్, అది మర్యాదేనా?" న్యాయమైన ప్రశ్న. చాలా ఫాగ్ మిషన్లలో పోసేది కూడా గ్లైకాల్, గ్లిజరిన్ కలిపిన ద్రవమే. అందులో నికోటిన్ ఉండదు, పెట్టేది కాసేపే, అందరికీ తెలిసే పెడతారు. అయినా ఉబ్బసం ఉన్నవాళ్లకు దానితోనూ ఇబ్బందే. మండపాలవాళ్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను, ముందు వరసల్లో ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉంటే దాన్ని తగ్గించండి. వేప్ తీయొద్దని కుర్రాళ్లకు చెప్పే హక్కు అప్పుడు మీకు ఇంకా గట్టిగా ఉంటుంది.

ఇక చట్టం. క్లుప్తంగా చెబుతాను, కానీ మండపాలవాళ్లు శ్రద్ధగా వినాలి. మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటనలు అన్నీ నిషేధం. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు వచ్చింది, అదే ఏడాది డిసెంబరులో చట్టమైంది. నికోటిన్ లేనిదని చెప్పి అమ్మినా, ఈ-హుక్కా పేరుతో అమ్మినా ఇదే చట్టం. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. సరుకు నిల్వ పెట్టినా నేరమే, తెలిసీ తన చోటులో నిల్వ పెట్టనిచ్చినా నేరమే. మీ స్టోర్ రూములో ఎవరో అట్టపెట్టెలు పెట్టి "రేపు తీసుకుంటా అన్నా" అంటే లోపల ఏముందో అడగండి.

అయితే ఈ చట్టం పట్టుకునేది ముఖ్యంగా అమ్మేవాణ్ణి. తాగినవాడికి ఇంత శిక్ష అని అందులో విడిగా రాయలేదు. బహిరంగ స్థలాల్లో పొగ తాగకూడదనే చట్టం 2003 నాటిది. 2008 అక్టోబరు 2 నుంచి దాని నియమాలు అమల్లోకి వచ్చాయి, జరిమానా 200 రూపాయల వరకు. అందులో పొగతాగడం అంటే పొగాకు తాగడమని రాశారు. చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు ఇప్పటి తరహా ఈ-సిగరెట్ చేసింది కూడా ఆ 2003లోనే. చట్టం రాసినవాళ్ల ఊహలో ఈ వస్తువు లేదు. అమ్మకం పూర్తిగా నిషేధమైన వస్తువే ఏసీ హాల్లో మూడో వరసలో వెలుగుతుంటే, ఆ క్షణాన ఆపాల్సింది మన మర్యాదే.

తాగేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. మూసిన చోట వద్దు. హాలు, లిఫ్టు, ఏటీఎం గది, సినిమాహాలు బాత్రూము, హాస్టల్ గది, బెంగళూరు పోయే ఏసీ స్లీపర్ బస్సు, అన్నీ మూసిన చోట్లే. బస్సులో బెర్తు కర్టెన్ వేసుకుంటే మనం పక్కవాళ్లకు కనబడమంతే. అది గుడ్డ, గాలికి అడ్డం కాదు. పై బెర్తులో వదిలింది కింది బెర్తులోకి వస్తుంది. "మీకేం అభ్యంతరం లేదు కదా" అని పక్కవాళ్లను అడగడం కూడా సరిపోదు. మొహమాటానికి పరవాలేదనేవాళ్లే మనలో ఎక్కువ. బయటికి పోతే గుమ్మంలో నిలబడకుండా దూరంగా పోండి. బయటికి పొమ్మన్నానంటే అక్కడ తాగమని ఒప్పుకున్నట్టు కాదు.

ఇప్పుడు కష్టమైన భాగం, చెప్పడం. మన దగ్గర నలుగురిలో తప్పు ఎత్తిచూపితే అది పరువు సమస్య అవుతుంది. "ఎవరో వేప్ తాగుతున్నారు, దయచేసి మానుకోండి" అని మైకులో అంటే అయిదొందల మంది తలలు తిరుగుతాయి. ఆ కుర్రాడికి తప్పు గుర్తుండదు, అవమానమే గుర్తుంటుంది. వాళ్ల బావలు లేస్తారు, మాటామాటా పెరుగుతుంది. దగ్గరికి పోయి, భుజం మీద చెయ్యి వేసి, "అబ్బీ, ఒక్క నిమిషం బయటికి రా, పని ఉంది" అనండి. బయట, ఇద్దరే ఉన్నప్పుడు, "లోపల చంటిపిల్ల ఉంది నాయనా, జేబులో పెట్టెయ్" అంటే చాలు. పెద్దమనిషైతే "అన్నా, హాల్లో ఒప్పుకోరన్నా" అనండి. ఫోను తీసి వీడియో చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం ఎవరూ చేయొద్దు. అది చెప్పడం కాదు, కక్ష.

ఎవరు చెప్పాలన్నది ఇంకా ముఖ్యం. వడ్డించే కుర్రాళ్లతో చెప్పించొద్దు. రోజు కూలికి వచ్చిన పిల్లోడు అతిథికి ఎదురు చెప్తే ముందు చెంపదెబ్బ పడేది వాడికే. ఇక ఆ తాగేవాడు మగపెళ్లివారి తరఫు అయితే? ఆడపిల్ల తండ్రి నోరెత్తలేడు. బిడ్డను ఇస్తున్న ఇంటి బంధువుకు, పెళ్లిరోజున, ఆయన ఏం చెప్పగలడు? టెన్షన్‌తో చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. ఆ బరువు ఆయన మీద పడకూడదు. అందుకే ఆ మాట హాలు మాట కావాలి. బుకింగ్ రోజునే రెండువైపుల పెద్దలకూ ఒకేలా చెప్పాలి. అప్పుడు మేనేజరు వచ్చి చెప్పినా, అది ఆడపెళ్లివారు అన్నట్టు ఉండదు, ఎవరి పరువూ పోదు.

దీనికి 2008 నియమాల్లోనే సగం దారి ఉంది. లోపలికి వచ్చే ప్రతి దారి దగ్గరా కనీసం 60 సెంటీమీటర్లు ఇంటు 30 సెంటీమీటర్ల బోర్డు ఉండాలి. లోపల యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు పెట్టకూడదు. ఎవరికి ఫిర్యాదు చేయాలో ఆ మనిషి పేరు అందరికీ కనబడేలా రాయాలి. బోర్డులు పెట్టేవాళ్లున్నారు కానీ పేరు రాసే చోటు ఖాళీగా వదిలేయడం చూస్తుంటాం. పేరు లేకపోతే చెప్పుకోవడానికి మనిషి లేడు. పెద్ద హోటళ్లవాళ్లు "మాకు స్మోకింగ్ రూమ్ ఉంది, వేప్ అక్కడ తాగమంటాం" అంటారు. 30 గదులున్న హోటళ్లకు, 30 మంది కూర్చునే రెస్టారెంట్లకు ఆ వెసులుబాటు ఉన్నమాట నిజమే, కానీ అది సిగరెట్ కోసం రాసింది. అమ్మకమే నిషేధమైన వస్తువుకు గది చూపించడం మీకు మీరు చిక్కు తెచ్చుకోవడమే.

సిగరెట్ మానడానికే దీనికి మారామని చెప్పేవాళ్లు ఈ సభలోనూ ఉండొచ్చు. మానాలనుకోవడమే పెద్ద విషయం, మిమ్మల్ని నేను చిన్నచూపు చూడను. బ్రిటన్‌లో పెద్దవాళ్లు సిగరెట్ మానడానికి వేప్ వాడొచ్చని వైద్యశాఖే చెబుతుంది. అదే బ్రిటన్ పిల్లల చేతికి పోతున్నాయని ఒకసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి ఆపేసింది. మన దగ్గర దొరికేది దొంగ సరుకు, లోపల ఏం పోశారో చెప్పే దిక్కు లేదు. మానాలంటే మందుల షాపుల్లో నికోటిన్ గమ్ దొరుకుతుంది. 1800-11-2356కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు. సిగరెట్ పెట్టె మీద ఉండే నంబరు అదే.

మండపాలవాళ్లు ఈసారి బుకింగ్ ఫారాలు అచ్చుకిచ్చేటప్పుడు జనరేటర్ చార్జీలు, క్లీనింగ్ చార్జీల కింద ఈ వాక్యం కూడా వేయించండి: "హాలు లోపల, భోజనాల గదిలో, విడిది గదుల్లో, బాత్రూముల్లో సిగరెట్, బీడీ, వేప్ ఏదీ ఒప్పుకోము. ఇది హాలు నియమం, రెండువైపుల బంధువులకూ వర్తిస్తుంది." కింద మేనేజరు పేరు, ఫోన్ నంబరు. సంతకం పెట్టించుకునేటప్పుడు దాన్ని పైకి చదివి వినిపించండి. ఫారం నమూనా నేను రాసి తెచ్చాను, కావలసినవాళ్లు తీసుకోవచ్చు. ఇక మీరు అడగండి, ముందు పిల్లలు.