బ్రుస్కెట్టా: కొత్త నూనె, కాల్చిన రొట్టె

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట ఇటలీ వంటకం ఒకటి చెప్పుకుందాం. కాల్చిన రొట్టె ముక్క మీద టమాటా వేసి హోటళ్లలో ఇస్తారే, అది. ముందు దాని పేరు సంగతి. హోటల్ మెనూలో చూసి మనం ‘బ్రుషెట్టా’ అని చదివేస్తాం. ఇటలీలో దాన్ని బ్రుస్కెట్టా అంటారు. రోమ్ వైపు మాండలికంలో ‘బ్రుస్కారె’ అంటే నిప్పుల మీద కాల్చడం. ఆ మాటలోంచే ఈ పేరు వచ్చింది. పేరులో టమాటా ఊసే లేదు, గమనించారా?

మధ్య ఇటలీలో అక్టోబరు, నవంబరు నెలల్లో ఆలివ్ కాయలు కోసి గానుగకు తోలుతారు. అప్పుడే దిగిన నూనె పచ్చగా ఉంటుంది, మింగితే గొంతులో మిరియంలా చురుక్కుమంటుంది. ఆ కొత్త నూనె రుచి చూడాలంటే ఏం చేయాలి? ఒక రొట్టె ముక్క కాల్చి, దాని మీద పోసుకుని తినడమే. టస్కనీలో దీన్నే ‘ఫెత్తుంతా’ అంటారు. నూనె పట్టించిన ముక్క అని అర్థం. ఆవకాయ కలిపిన రోజు ఆ బేసిన్లోనే వేడన్నం వేసి కలిపి, తలా ఒక ముద్ద తింటాం కదా, అలాంటి సంబరమే ఇదీ. టమాటా అమెరికా ఖండం నుంచి 16వ శతాబ్దంలో గానీ ఇటలీకి చేరలేదు. కాబట్టి ఈ ఇంట్లో అది చుట్టమే.

ఇది తెలియక నేను మొదటిసారి చుట్టానికే పెద్దపీట వేశాను. మామూలు సాండ్‌విచ్ బ్రెడ్ కాల్చి, టమాటా ముక్కలు గుట్టగా పోసి, అతిథులు వచ్చే గంట ముందే పళ్లెంలో సర్దేశాను. వాళ్లు వచ్చేసరికి రొట్టె నాని ముద్దయింది. చేత్తో ఎత్తితే సగం పళ్లెంలోనే ఉండిపోయింది. చివరికి స్పూన్లు ఇచ్చాను.

ఆ బ్రెడ్ తియ్యగా, దూదిలా ఉంటుంది. దీనికి అది పనికిరాదు. బేకరీలో పైపెచ్చు గట్టిగా ఉండే పొడుగు ఫ్రెంచి రొట్టె గానీ, పులియబెట్టిన పిండితో చేసే పుల్లటి సోర్‌డో రొట్టె గానీ దొరికితే తెచ్చుకోండి. నిన్నటిదైతే ఇంకా మేలు. వేలి మందాన ముక్కలు కోసి, ఇనప పెనం మీద చుక్క నూనె వేయకుండా రెండు వైపులా కాల్చండి. అక్కడక్కడా మచ్చలు పడాలి, లోపల మాత్రం మెత్తగా ఉండాలి.

ముక్క వేడిగా ఉండగానే పచ్చి వెల్లుల్లి రెబ్బ సగానికి కోసి, కోసిన వైపుతో రుద్దండి. కాలిన రొట్టె గరుకుగా ఉంటుంది కనుక తురుముపీటలా పనిచేస్తుంది, రెబ్బ అరుగుతూ పోతుంది. మూడు నాలుగు రుద్దులు చాలు. అంతకు మించితే రొట్టెలో ఘాటు తప్ప ఇంకేమీ మిగలదు. ఆ మీద చెంచాడు ఆలివ్ నూనె, చిటికెడు ఉప్పు. నూనె సీసా మీద ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ అని ఉండాలి. ‘పోమస్’ అని రాసి ఉంటే అది కాయల పిప్పి నుంచి తీసిన నూనె, వేపుళ్లకు వాడుకోండి.

నా లెక్కలో వంట ఇక్కడితో అయిపోయింది. టమాటా కావాల్సిందే అంటారా, సరే. నాలుగు ఎర్రటి గట్టి పండ్లు తీసుకుని, గింజలు తీసేసి, చిన్న ముక్కలు కోసి, అర చెంచా ఉప్పు కలిపి చిల్లుల గిన్నెలో పావుగంట ఉంచండి. ఉప్పుకి నీరంతా కిందికి దిగిపోతుంది. నా రొట్టెని ముంచింది ఆ నీళ్లే! వాటిని పారబోయకండి, చారులో పోసేయండి.

ఇక పైన వేసే బేసిల్ ఆకు, అంటే ఇటలీ వంటల్లో వాడే తులసి జాతి ఆకు. పూజ తులసి వేయొద్దు, దాని లవంగం ఘాటు వేరు. సబ్జా గింజలు మాత్రం బేసిల్ మొక్కవే. ఫలూదాకి తెచ్చినవి కాసిని కుండీలో చల్లి చూడండి, మొలిస్తే ఆ ఆకు తుంచి వేసుకోవచ్చు. వాసన ఇటలీ రకమంత తియ్యగా ఉండకపోవచ్చు. కొత్తిమీర వేసినా రుచిగానే ఉంటుంది, కాకపోతే పేరు వేరే పెట్టుకోండి.

టమాటాలు ముందే సిద్ధం చేసి పెట్టుకోండి గానీ, పెనం మాత్రం అతిథులు చెప్పులు విప్పాకే పొయ్యి మీద పెట్టండి. వంటింట్లోనే నిలబడి, కాల్చింది కాల్చినట్టు అందించేయండి. సెలవు.