చిరుతని పట్టుకెళ్లి అడవిలో వదిలేస్తే గొడవ తీరిపోతుందా?

నమస్తే అండి. 2020 మే 14, లాక్‌డౌన్ రోజులు. హైదరాబాద్ కాటేదాన్ అండర్‌పాస్ దగ్గర, నేషనల్ హైవే మీద, పొద్దున్నే ఒక చిరుత పడుకుని ఉంది. దాక్కుని కాదు, నడిరోడ్డు మీద! వీధికుక్క ఎండ కాగుతున్నట్టు తీరిగ్గా పడుకుంది. దెబ్బ తగిలిందేమో అనుకున్నారు. చుట్టుపక్కల మేడలన్నీ మనుషులతో నిండిపోయాయి, అందరి చేతుల్లో ఫోన్లు.

కాసేపటికి అది లేచింది. తర్వాత జరిగింది సీసీటీవీ క్లిప్‌లో మీలో చాలామంది చూసే ఉంటారు. ఇద్దరు పరిగెడుతున్నారు, వెనకాల చిరుత. ఒకాయన లారీ క్యాబిన్‌లోకి ఎక్కబోతుంటే కింద నుంచి కాలు పట్టేసింది. ఆయన ఒక్క విదిలింపు విదిలించి పైకి ఎక్కేశాడు. బతికాడు. ఈలోగా వీధికుక్కలు చుట్టూ చేరి మొరగడం మొదలుపెట్టాయి. లారీ ఎక్కే మనిషి కాలు పట్టుకున్న ఆ చిరుతే కుక్కల గోల తట్టుకోలేక వెనక్కి తగ్గింది. పక్కనే ఉన్న తోటలోకి దూకి పోయింది.

ఆ క్లిప్‌లో అందరూ చూసేది ఆ లారీ సీన్ ఒక్కటే. దానికి ముందు ఏం జరిగిందో ఎవరూ పట్టించుకోరు. అంతసేపు అది ఎవరి జోలికీ రాలేదు. జనం పెరిగారు, అరుపులు పెరిగాయి, తప్పించుకునే దారి తగ్గింది, అప్పుడు లేచి పరిగెత్తింది. దాని దారిలో ఉన్నవాళ్లు దొరికారు. నా ఉద్దేశంలో ఊళ్లలోకి వచ్చిన చిరుతల కథలు చాలా వరకు ఇలాగే నడుస్తాయి. అది రావడం ఒక ఎత్తు, వచ్చాక మనం చేసే హడావిడి ఇంకో ఎత్తు.

టీవీలో స్క్రోలింగ్ ఎప్పుడూ ఒకటే. 'చిరుత సంచారం, భయాందోళనలో స్థానికులు'. కింద కామెంట్లూ ఒకటే. 'ఫారెస్టోళ్లు ఏం చేస్తున్నారు? పట్టుకెళ్లి అడవిలో వదిలేయొచ్చుగా?' ఈ రోజు వీడియో ఆ కామెంట్ గురించే. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. అడవి జంతువు, అడవిలో ఉండాలి. ఇంకేం కావాలి? కానీ ఈ పని మన పక్క రాష్ట్రంలో పెద్ద ఎత్తున చేసి చూశారు. ఏమైందో చెప్తా.

మహారాష్ట్రలో పుణె జిల్లా జున్నర్ ప్రాంతం. మొత్తం చెరకు తోటలు. చెరకు పన్నెండు నెలలూ గుబురుగా ఉంటుంది, పక్కన కాలువ నీళ్లు, ఊళ్లో కుక్కలు, పందులు, మేకలు. ఆడ చిరుత పిల్లలు పెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది? చెరకులోనే పుట్టి చెరకులోనే పెరిగిన చిరుతలు అక్కడ ఉన్నాయి. వాటికి అడవి అంటే ఏంటో కూడా తెలీదు. 2001 ప్రాంతంలో వాటిని బోన్లు పెట్టి పట్టి, తీసుకెళ్లి అడవుల్లో వదలడం మొదలుపెట్టారు. విద్యా ఆత్రేయ అనే పరిశోధకురాలు తన బృందంతో కలిసి ఆ లెక్కలన్నీ తీసి 2011లో అచ్చు వేశారు. అంతకుముందు ఆ ప్రాంతంలో మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4. చిరుతల్ని తరలించడం మొదలుపెట్టాక? 17. తగ్గడం మాట అటుంచండి, నాలుగు రెట్లు దాటింది. దాడుల్లో ప్రాణం పోయినవి అంతకుముందు నూటికి 18 ఉంటే, తర్వాత 36 అయ్యాయి.

ఎందుకు? చిరుతకి తన ఇలాకా ఇంచు ఇంచూ తెలుసు. ఏ టైములో ఏ దారి ఖాళీగా ఉంటుంది, ఏ ఇంట్లో కుక్కని కట్టేస్తారు, మనిషి కంటపడకుండా ఎక్కడ నక్కాలి, అన్నీ తెలుసు. అలాంటిదాన్ని బోనులో పట్టి, ఆ ఇనుప కడ్డీలకి తల బాదుకుని, పళ్లు విరగ్గొట్టుకుని, చుట్టూ జనం కేకల మధ్య రెండు రోజులు ఉంచి, ముక్కూ మొహం తెలియని చోట వదిలితే అది ఏం చేస్తుంది? అక్కడ అప్పటికే వేరే చిరుతలు ఉంటాయి, తరిమేస్తాయి. వేట ఎక్కడ దొరుకుతుందో తెలీదు. దానికి తెలిసిందల్లా ఊరు. కాబట్టి దగ్గర్లోని ఏదో ఒక ఊరికే వస్తుంది. ఇక్కడ దాని జాగా ఖాళీ అయింది కదా, అందులోకి ఇంకో కుర్ర చిరుత దిగుతుంది. ఆ కొత్తదానికి ఈ మనుషుల పద్ధతులు తెలీవు. ఒక్క చిరుతని తరలిస్తే రెండు చోట్ల తలనొప్పి అన్నమాట.

ఇంకో కథ వినండి. 2009లో అదే మహారాష్ట్రలో టాక్లీ ఢోకేశ్వర్ అనే ఊళ్లో ఒక మగ చిరుత బావిలో పడింది. పైకి తీసి, మెడకి జీపీఎస్ కాలర్ కట్టి, మాల్షేజ్ ఘాట్‌లో వదిలారు. వయసు మీద పడినది కాబట్టి ముద్దుగా 'ఆజోబా' అన్నారు, అంటే తాతయ్య. ఈ తాతయ్య అక్కడ ఉండలేదు. నడక మొదలుపెట్టి, హైవేలు దాటి, రైలు పట్టాలు దాటి, ఫ్యాక్టరీల పక్క నుంచి 120 కిలోమీటర్ల దాకా నడిచి, ముంబై పక్కన సంజయ్ గాంధీ నేషనల్ పార్కుకి చేరింది. దారి పొడుగునా ఊళ్లే. ఒక్క మనిషి మీద కూడా దాడి చెయ్యలేదు. మన మధ్య నుంచే వెళ్లింది, ఎవరికీ తెలీదు. 2011లో ముంబై దగ్గర హైవే మీద ఏదో బండి గుద్ది చనిపోయింది.

అంటే ఎప్పుడూ పట్టుకోకూడదా? అలా అనడం లేదు. 2024 ఏప్రిల్ 28న శంషాబాద్ ఎయిర్‌పోర్టు గోడ దగ్గర చిరుత కనిపించింది. రన్‌వే పక్కన చిరుతని వదిలేసి ఊరుకోలేం కదండీ. బోన్లు పెట్టారు, మేకల్ని ఎరగా కట్టారు, ట్రాప్ కెమెరాలు బిగించారు. అది బోను దాకా వచ్చి, మేకని చూసి, లోపలికి వెళ్లకుండా తిరిగి వెళ్లిపోయేది. కెమెరాలో దొరికేది, బోనులో దొరికేది కాదు. చివరికి మే 3 తెల్లవారుజామున పడింది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో వదిలారు. అక్కడ అది తప్పని పనే. కానీ శంకరపల్లి వైపు ఎవరో తోట దగ్గర రాత్రిపూట ఒకసారి కనిపించిందని బోను పెట్టమంటే అది వేరే సంగతి.

అసలు హైదరాబాద్ చుట్టూ ఇవి ఎందుకున్నాయో కాస్త మ్యాప్ చూస్తే అర్థమైపోతుంది. చిలుకూరు మృగవని, హిమాయత్‌సాగర్ పరీవాహకం, రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీ భూములు, డిఫెన్స్ వాళ్ల ఖాళీ స్థలాలు, పటాన్‌చెరు దగ్గర వేల ఎకరాల్లో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్. రాళ్లగుట్టలు, పొదలు, నీళ్లు, నెమళ్లు, అడవి పందులు. చిరుతకి ఇంకేం కావాలి? ఇక్రిశాట్‌లో 2014లో పట్టుకున్నారు, మళ్లీ 2025 ఏప్రిల్‌లో పట్టుకున్నారు. మనం విల్లా కొనుక్కున్న చోటికి చిరుత వచ్చిందని గోల పెడుతున్నాం. అది అక్కడే ఉంది, ఫేజ్ టూ బుకింగ్స్ ఓపెన్ చేసింది మనం.

ఇప్పుడు తిరుమల. ఇది జోకులేసే విషయం కాదు. 2023 జూన్ 22 రాత్రి అలిపిరి నడకదారిలో ఏడో మైలు దగ్గర ఒక చిన్నబాబుని చిరుత నోట కరుచుకుని పొదల్లోకి లాక్కెళ్లింది. తల్లిదండ్రులు, దుకాణాలవాళ్లు, పోలీసులు కేకలు పెడుతూ వెంటపడితే వదిలేసి పోయింది. బాబు బతికాడు. ఆగస్టు 11న ఆరేళ్ల పాప విషయంలో అలా జరగలేదు. అమ్మానాన్నల కన్నా ముందు నడుస్తోంది. లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర కనిపించకుండా పోయింది. మర్నాడు పొద్దున దొరికింది.

పిల్లల్నే ఎందుకు అంటే, ఎత్తు. చిరుత మామూలుగా వేటాడే జింక పిల్ల, కుక్క, మేకలాంటి వాటి ఎత్తుకి, పెద్దవాళ్లకన్నా ఐదారేళ్ల పిల్లల ఎత్తే దగ్గరగా ఉంటుంది. అందులోనూ ముందు ఒంటరిగా పరిగెడుతుంటే, చీకటి పడే వేళ. రెండు కాళ్ల మీద నిలబడిన పెద్ద మనిషిని చూస్తే చిరుతకి మామూలుగా అనుమానం, భయం. వంగిన మనిషి, కూర్చున్న మనిషి, పిల్లలు, వీళ్లు దాని లెక్కలో వేరే.

అప్పుడు టీటీడీ నడిచేవాళ్లకి చేతికర్రలు ఇస్తానంది. సోషల్ మీడియాలో ఎంత నవ్వారో గుర్తుందా? కర్రతో చిరుతని కొడతారా అని. నేను ఆ నవ్వులో కలవను. కర్ర కొట్టడానికి కాదు. చేతిలో కర్ర పట్టుకుని మెట్ల మీద టకటకలాడిస్తూ నడిచే గుంపుని చిరుత దూరం నుంచే వినేస్తుంది, పక్కకి తప్పుకుంటుంది. కానీ అసలు పనిచేసే నిర్ణయం కర్ర కాదు. పదిహేనేళ్ల లోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు తర్వాత నడకదారిలోకి అనుమతించకపోవడం, గుంపులుగా పంపడం, సాయంత్రం ఆరు తర్వాత ఘాట్‌లో బైకులు ఆపడం. అవి ఎవరూ ట్రోల్ చెయ్యలేదు, ఎందుకంటే వాటిలో నవ్వొచ్చేది లేదు. ఆ నెలల్లో ఆ దారిలో ఆరు చిరుతలు బోన్లలో పడ్డాయి. ఒక పిల్లకి ప్రాణం పోయాక బోను పెట్టకుండా ఎలా ఉంటారు, తప్పదు. కానీ మెట్ల పక్కన పారేసిన తిండికి పందులు, కుక్కలు చేరుతున్నంత కాలం ఏడో చిరుత వస్తుంది.

ఈ చెత్త సంగతి ముంబైని చూస్తే తెలుస్తుంది. సంజయ్ గాంధీ పార్కు 104 చదరపు కిలోమీటర్లు, చుట్టూ అపార్టుమెంట్లు, బస్తీలు. అక్కడి చిరుతల తిండిలో దాదాపు 40 శాతం వీధికుక్కలే. ఏడాదికి 1,500 కుక్కల దాకా తింటాయని 2018లో ఒక పరిశోధన అంచనా కట్టింది. చెత్తకుప్ప దగ్గర కుక్కలు, కుక్కల కోసం చిరుత. అక్కడ 2011 నుంచి ఫారెస్ట్ వాళ్లు, ఊరి జనం కలిసి బోన్ల మీద కన్నా చెత్త మీద, వీధి దీపాల మీద, పిల్లల మీద ఎక్కువ దృష్టి పెట్టారు.

సరే, ఎదురుపడితే? పరిగెత్తకండి, వీపు చూపించకండి, వంగకండి. పిల్లలుంటే ఎత్తుకోండి. ఎత్తుకోడానికి వంగాల్సి వస్తుంది, కాబట్టి అటువంటి చోట్ల ముందునుంచే చెయ్యి పట్టుకుని నడిపించండి. గట్టిగా మాట్లాడుతూ, చేతులు పైకెత్తి, మెల్లగా వెనక్కి జరగండి. దానికి వెళ్లే దారి వదలండి, ఇదే ముఖ్యం. ఇంట్లోకి, షెడ్డులోకి దూరితే బయట నుంచి తలుపు వేసేసి, 112కో ఫారెస్ట్ వాళ్లకో ఫోన్ చేసి, జనాన్ని దూరంగా పంపండి. మత్తు ఇంజెక్షన్ కొట్టగానే సినిమాలోలా పడిపోదు. పని చెయ్యడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు నొప్పితో, బెదురుతో ఉంటుంది. అప్పుడు మీరు రీల్ తీస్తూ ముందు వరసలో ఉండకూడదు. రాత్రి వరండాలో కుక్కని గొలుసుతో కట్టేసే అలవాటుంటే మానుకోండి. అది కాపలా కాదు, ఎర. లోపల పడుకోబెట్టండి.

ఇవన్నీ చిరుతకి. ఎలుగుబంటి దగ్గర ఇదే లెక్క పనిచెయ్యదు. శ్రీకాకుళం ఉద్దానంలో వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, జీడితోటల్లో, పనసచెట్ల కింద రోజూ చూస్తూనే ఉంటారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక రైతు ప్రాణం పోయింది, ఇంకొందరికి ఘోరమైన గాయాలయ్యాయి. చివరికి ఆ ఎలుగూ పట్టుకున్నాక చచ్చిపోయింది. ఎలుగుకి చూపు అంతంత మాత్రం. మనం దగ్గరికి వచ్చేదాకా తెలుసుకోదు, తెలియగానే భయంతో మొహం మీద పడుతుంది. అందుకే తోటలోకి వెళ్లేటప్పుడు మాట్లాడుకుంటూ, పాటలు పెట్టుకుని వెళ్లాలి. మీద పడితే బోర్లా పడుకుని మెడ వెనక చేతులు అడ్డం పెట్టుకోవడమే దారి.

ఇంకొక్క విషయం, పశువులున్న వాళ్లకి. దూడనో మేకనో చిరుత చంపితే కళేబరాన్ని కదపకండి. ఫోటోలు తీసి ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసర్‌కి చెప్పండి. పశువుల డాక్టరు చూసి రాసిన కాగితం ఉంటేనే పరిహారం ఫైలు కదులుతుంది. కోపంతో దాని మీద విషం చల్లితే ముందు చచ్చేది ఊరి కుక్కలు, గద్దలు. చిరుత చచ్చిందా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు మీ మీద పడుతుంది, పోయిన దూడకి పైసా రాదు.

పలమనేరు, కుప్పం వైపు ఏనుగుల సంగతి, వాటిని తరమడానికి కర్ణాటక నుంచి వచ్చిన కుంకీల (శిక్షణ ఇచ్చిన ఏనుగుల) సంగతి ఇందులో ఇరికించదలుచుకోలేదు, అది వచ్చే వీడియోలో. ఆ వైపు రైతులు ఎవరైనా చూస్తుంటే, మీ పొలంలో ఏ పంట మీదకి ముందు దిగుతున్నాయో, ఏం చేస్తే తిరిగి వెళ్తున్నాయో కామెంట్లలో రాయండి, అవి ముందు పెట్టుకునే స్క్రిప్ట్ రాస్తాను. ఉంటానండి.