తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు: బ్రిటన్ పోస్టాఫీసు కథ

నమస్కారం అండీ. ఈరోజు బ్రిటన్ సంగతి మాట్లాడుకుందాం. ఒక పెద్ద సంస్థ "మా తప్పేం లేదు" అని భీష్మించుకు కూర్చుంటే మామూలు జనం గతి ఏమవుతుందో నేను చదివినవాటిలో ఇంత పచ్చిగా చూపించిన కేసు ఇంకోటి లేదు.

అక్కడ పోస్టాఫీసంటే మన తపాలా శాఖలా ఊహించుకోకండి. చాలా బ్రాంచీలు ఊళ్లోని చిన్న కొట్లలోనే, ఓ మూల కౌంటర్ పెట్టుకుని నడుస్తాయి. నడిపేవాళ్లు ఉద్యోగులు కారు, కాంట్రాక్టు మీద పనిచేసే సబ్ పోస్ట్‌మాస్టర్లు. సొంత డబ్బు పెట్టి కొట్టు కొనుక్కుని, ఊళ్లో పెద్దవాళ్లకు పెన్షన్లు ఇచ్చుకుంటూ బతికేవాళ్లు. మన దేశం నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు కూడా వాళ్లలో చాలానే ఉన్నాయి. క్యాష్ షార్ట్ వస్తే జేబులోంచి కట్టాల్సిందేనని పోస్టాఫీసు వాళ్ల దగ్గర వసూలు చేసేది.

1999 నుంచి ఈ బ్రాంచీల్లోకి హొరైజన్ అనే కంప్యూటర్ సిస్టమ్ వచ్చింది. ఫుజిత్సు అనే జపాన్ కంపెనీ వాళ్లది. అది వచ్చాక చాలాచోట్ల లెక్క తేలడం మానేసింది.

జో హామిల్టన్ అని హాంప్‌షైర్‌లోని సౌత్ వార్న్‌బరో అనే పల్లెలో కొట్టు నడిపేవారు. ఓ రోజు లెక్క చూస్తే దాదాపు 2,000 పౌండ్లు తక్కువ. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశారు. వాళ్లు అది నొక్కండి, ఇది నొక్కండి అన్నారు. ఆవిడ నొక్కారు. స్క్రీన్ మీద, కళ్లెదుటే, తేడా రెట్టింపైంది! పైగా వాళ్లు చెప్పిన మాటేంటంటే, ఇలాంటి సమస్య ఇంకెవరికీ రాలేదు, మీ ఒక్కరికే.

చివరికి ఆవిడ మీద 36,000 పౌండ్ల లెక్క తేలింది. ఇల్లు తాకట్టు పెట్టారు. దొంగతనం చేసినట్టు ఆధారమేదీ కనబడలేదని పోస్టాఫీసు సొంత ఇన్వెస్టిగేటరే నోట్ రాశాడు. అయినా దొంగతనం కేసు పెట్టారు. తప్పుడు లెక్కలు చూపించానని ఒప్పుకుంటే జైలు తప్పుతుందంటే, పాపం ఒప్పేసుకున్నారు.

"మీ ఒక్కరికే" అన్న ఆ మాట దగ్గర కాసేపు ఆగుదాం. అదే మాట దేశమంతా వందల మందికి చెప్పారు. ఎవరికివారు నేనే ఏదో తప్పు నొక్కానేమో అనుకున్నారు. ఇంట్లో చెప్పుకోలేక కొందరు అప్పులు చేసి మరీ కట్టారు. నా ఉద్దేశంలో అసలు నేరం ఇక్కడే జరిగింది. సాఫ్ట్‌వేర్‌లో బగ్, అంటే లోపం, రావడం నేరం కాదు. మన హైదరాబాద్‌లో ఏ వీధిలో అడిగినా చెప్తారు, బగ్ లేని సాఫ్ట్‌వేర్ ఉందనేవాడు సాఫ్ట్‌వేర్ రాయనివాడేనని. బగ్ ఉందని తెలిసీ ఎదుటి మనిషిని ఒంటరిని చేయడం నేరం.

ఇంకో ఘోరం ఏంటంటే, అక్కడ పోస్టాఫీసే విచారణ చేసేది, అదే కోర్టులో కేసు వేసేది. పోలీసులతో పనే లేదు. కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తోందని కోర్టు ముందే అనుకోవాలట, కాదని నిరూపించుకోవాల్సింది నిందితుడే! ఊళ్లో కొట్టు నడుపుకునే మనిషి ఫుజిత్సు సర్వర్ సంగతి ఎక్కడ నిరూపిస్తాడండీ? 1999 నుంచి 2015 లోపు 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. అందులో ఓ 700 పోస్టాఫీసు వేసిన కేసులే.

ఇక 2010. హొరైజన్‌లో ఒక బగ్ వల్ల దాదాపు 40 బ్రాంచీల్లో లెక్కలు తప్పుతున్నాయని పోస్టాఫీసు, ఫుజిత్సు వాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. ఇది బయటికి తెలిస్తే నమ్మకం పోతుంది, నడుస్తున్న కేసులకు ఇబ్బంది అని కాగితం మీదే రాసుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే భారత సంతతికి చెందిన సీమా మిశ్రా అనే పోస్ట్‌మిస్ట్రెస్ కేసు కోర్టులో ఉంది. ఆమె మీద 74,000 పౌండ్ల ఆరోపణ. నవంబర్‌లో 15 నెలల జైలు శిక్ష వేశారు. అప్పటికి ఆమె గర్భవతి. ఆ రోజు పెద్ద కొడుకు పదో పుట్టినరోజు. తీర్పు వచ్చాక పోస్టాఫీసు లోపల తిరిగిన ఈమెయిల్ సారాంశం ఏంటంటే, ఇది చూశాకైనా మిగతావాళ్లు హొరైజన్‌ను తిట్టే గుంపులో చేరకుండా ఉంటారని ఆశిద్దాం అని.

ఈ ఒంటరితనాన్ని బద్దలుకొట్టింది అలన్ బేట్స్. ఆయనా సబ్ పోస్ట్‌మాస్టరే, 2003లోనే కాంట్రాక్టు పోగొట్టుకున్న మనిషి. 2009లో ఫెన్నీ కాంప్టన్ అనే పల్లెలో హాలు తీసుకుని, తనలాంటివాళ్లు రండని పిలిచారు. వచ్చినవాళ్లు ఒకరి కథ ఒకరు విని నోరెళ్లబెట్టారు. అందరిదీ ఒకటే కథ.

2013లో పోస్టాఫీసుకు సలహా ఇచ్చే లాయరే, ఫుజిత్సు నిపుణుడి సాక్ష్యం నమ్మదగింది కాదని రాసిచ్చాడు. అప్పుడైనా శిక్షపడ్డవాళ్లకు ఆ మాట చెప్పాలా? చెప్పలేదు. 555 మంది సబ్ పోస్ట్‌మాస్టర్లు వేసిన కేసులో తీర్పు తమకు వ్యతిరేకంగా వస్తోందని చూసి, 2019లో పోస్టాఫీసు వాళ్లు ఏకంగా జడ్జినే తప్పుకోమని పిటిషన్ వేశారు. కుందేలుకు మూడే కాళ్లంటే ఇది. అది చెల్లలేదు. హొరైజన్‌లో తప్పేం లేదనడం 21వ శతాబ్దంలో భూమి బల్లపరుపుగా ఉందని వాదించినట్టుందని జస్టిస్ ఫ్రేజర్ తీర్పులో రాశారు. 5.775 కోట్ల పౌండ్లకు రాజీ కుదిరింది. అందులో లాయర్లకు, కేసుకు పెట్టుబడి పెట్టినవాళ్లకు పోగా, బాధితులకు మిగిలింది దాదాపు 1.2 కోట్లు. తలా ఓ 20,000 పౌండ్లు. అంతా పోగొట్టుకున్నవాళ్లకి!

2021లో కోర్టు 39 మంది శిక్షలు కొట్టేసింది. మిగతా వందల మంది సంగతి మాత్రం నత్తనడకే. 2024 జనవరిలో టీవీలో ఈ కథ సీరియల్‌గా వచ్చి జనం భగ్గుమన్నాకే మేలో చట్టం తెచ్చి శిక్షలు మూకుమ్మడిగా రద్దు చేశారు. కోర్టు తీర్పుకు కదలనివాళ్లు టీఆర్‌పీకి కదిలారన్నమాట.

అదే జనవరిలో ఫుజిత్సు యూరప్ అధిపతి ఎంపీల ముందు కూర్చుని, బగ్స్ మొదటి నుంచీ ఉన్నాయండి, క్షమించండి అన్నారు. అప్పటికి పాతికేళ్లు. ఈ కుంభకోణంపై జరిగిన విచారణ నివేదిక మొదటి భాగం 2025 జులైలో వచ్చింది; దాని ప్రకారం, దీనివల్ల కనీసం 13 మంది ప్రాణాలు తీసుకుని ఉండొచ్చు. పోస్టాఫీసు సీఈవోగా పనిచేసిన పౌలా వెనెల్స్‌కు 2019లో ఇచ్చిన సీబీఈ అనే బ్రిటన్ రాజ గౌరవాన్ని 2024లో వెనక్కి తీసుకున్నారు.

బేట్స్‌కి అదే ఏడాది సర్ బిరుదు ఇచ్చారు. ఆ మరుసటి ఏడాది మేలో ఆయనే చెప్పారు, తను అడిగిన పరిహారంలో ప్రభుత్వం 49.2 శాతం ఇస్తానందని. ఇష్టమైతే తీసుకో, లేకపోతే మానుకో అని.