సైటు తెరిచాం సరే, రాసేవాళ్లేరీ?

(కోనసీమ విశేషాలతో కొత్త సైటు పెడుతున్న కాలేజీ విద్యార్థుల ముందు అమలాపురంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీ సైటు నమూనా చూశాను. ఫోన్‌లో త్వరగా తెరుచుకుంటోంది, తెలుగు అక్షరాలు విరగడం లేదు, సంతోషం. కొబ్బరి, వరి, రొయ్యలు, చేనేత, గుళ్లు, వంటలు, పాత ఫోటోలు అంటూ పద్నాలుగు విభాగాలు పెట్టారు. ఏది నొక్కినా ‘ఇంకా ఎవరూ రాయలేదు, మీరే మొదలుపెట్టండి’ అని వస్తోంది. నా మాటలన్నీ ఆ ఒక్క వాక్యం గురించే.

మనవైపు పెళ్లిళ్లలో చూస్తూనే ఉంటారు. విస్తళ్లు వేసి ‘దయచేయండి’ అని ఎంత పిలిచినా ఖాళీ బంతిలో ముందుగా ఎవరూ కూర్చోరు. పెళ్లివారింటి పెద్ద నలుగురిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాలి. ఆ నలుగురూ కూర్చున్నాక ఇంక ఎవర్నీ పిలవక్కర్లేదు. మీరు వేసినవి పద్నాలుగు ఖాళీ బంతులు. ఆ నలుగురిని పట్టుకురావడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.

పేరున్న సైట్లకూ ఈ ఇబ్బంది తప్పలేదు. 2005లో రెడిట్ అనే చర్చల సైటు పెట్టిన కొత్తలో దాని వ్యవస్థాపకులే రకరకాల పేర్లతో పోస్టులు పెట్టుకున్నారు, సైటు కళకళలాడుతున్నట్టు కనపడాలని. ఆ సంగతి తర్వాత వాళ్లే బయటపెట్టారు. మీరు ఆ పని చేయకండి. అమెరికాలో చెల్లిందేమో గానీ, ఇక్కడ దొంగ పేరుతో రాస్తే నాలుగో రోజుకల్లా టీకొట్టు దగ్గర తేలిపోతుంది. మీ పేర్లతోనే రాయండి. సైటులో మొదటి వంద పోస్టులూ మీరే రాయాల్సి వచ్చినా సిగ్గుపడకండి.

పద్నాలుగు విభాగాల్లో ఒక్కటే ఉంచండి. స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రశ్నోత్తరాల సైటు 2008లో ప్రోగ్రామర్ల ప్రశ్నలతోనే మొదలైంది. హోటళ్లు, దుకాణాల గురించి జనం అభిప్రాయాలు రాసే యెల్ప్ మొదట శాన్‌ఫ్రాన్సిస్కో మీదే దృష్టి పెట్టింది. మరి మీరు ఏది ఉంచుకోవాలి? రొయ్యల ధరలు పెడితే జనం రోజూ వస్తారని మీలో కొందరు అంటున్నారు. వస్తారు, నిజమే. కానీ వంద కౌంటు (కిలోకి వంద తూగే రొయ్యల) ధర పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఒక్కరోజు తప్పు ధర పడితే రైతు మళ్లీ మీ మొహం చూడడు. పైగా ఆ పని వాట్సాప్ గ్రూపులు ఇప్పటికే చేసేస్తున్నాయి. నన్నడిగితే వరదలు, తుఫానుల జ్ఞాపకాలు పెట్టుకోండి. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు 6 తుఫాను, మొన్నటి 2022 జూలై వరద. ఈ జిల్లాలో వీటిలో ఒక్కటైనా తగలని కొంప ఉంటుందా? అది పాతబడే సమాచారం కాదు. ఎక్కడా సరిగ్గా రాసిపెట్టిందీ లేదు.

అడిగే తీరు ఇక్కడ చాలా ముఖ్యం. ‘మీ అనుభవాలు మాతో పంచుకోండి’ అంటే ఎవరికీ ఏమీ గుర్తురాదు. ‘తొంభై ఆరు తుఫాను రాత్రి ఎవరింట్లో తలదాచుకున్నారండీ? మీ తోటలో ఎన్ని చెట్లు మిగిలాయి? మళ్లీ కాపు ఎన్నేళ్లకొచ్చింది?’ అని ఓ పెద్దావిడని అడగండి. ఆవిడ చెబుతూనే ఉంటారు, మీరు రాసుకోలేక అలిసిపోతారు. ఆ ప్రశ్న కూడా సైటులో పెట్టి ఊరుకోకూడదు. మనిషి దగ్గరికి వెళ్లి అడగాలి. ప్రతి ఊళ్లోనూ అన్నీ గుర్తుంచుకునే మాస్టారు ఒకరుంటారు, పెళ్లిళ్లకీ పండగలకీ ఫోటోలు తీసి దాచుకున్న ఫోటోగ్రాఫర్ ఒకరుంటారు. ‘మాస్టారూ, గోడ మీద ఫోటో ఏ ఏడు వరదండీ?’ అన్నారంటే ‘అబ్బే, ఇప్పుడవన్నీ ఎందుకులే నాయనా’ అంటూనే ఆయన కుర్చీ లాక్కుంటారు.

ఇక మీ రిజిస్ట్రేషన్ ఫారం. ఈమెయిల్, పాస్‌వర్డ్, పుట్టిన తేదీ, వృత్తి, ఓటీపీ. ఎందుకర్రా ఇవన్నీ? 2000లో జిమ్మీ వేల్స్, లారీ శాంగర్‌లు న్యూపీడియా అనే విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. రాసిన వ్యాసాన్ని నిపుణులు ఏడు దశల్లో పరీక్షించాకే ప్రచురించేవారు. 2003లో మూతపడేనాటికి పూర్తయిన వ్యాసాలు పాతికకి మించలేదు. 2001 జనవరిలో అదే మనుషులు పక్కనే వికీపీడియా తెరిచారు. ఎవరైనా రాయొచ్చు, దిద్దుబాట్లు తర్వాత. ఆ ఏడాది చివరికి సుమారు 20 వేల వ్యాసాలొచ్చాయి. దిద్దడం అక్కర్లేదని కాదు, గుమ్మంలోనే ఆపి పరీక్ష పెట్టొద్దని. మీరైతే ఇంకో మెట్టు దిగాలి. వాయిస్ మెసేజ్ పంపితే చాలనండి, టైపు చేసే పని మీరే చేసుకోండి.

తెలుగు వికీపీడియా సంగతీ చెప్పాలి. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు మొదలుపెట్టారు. అప్పట్లో కంప్యూటర్‌లో తెలుగు రాయడమే పెద్ద పని. తర్వాత రాసేవాళ్లు కొందరు జతయ్యాక ఊళ్ల పేర్లతో వేల కొద్దీ పేజీలు తెరిచారు. చాలావాటిలో రెండు మూడు వాక్యాలే, దానికి వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం వెక్కిరించను. తన ఊరి పేరు వెతుక్కుంటూ వచ్చినవాడికి అక్కడ ఒక తప్పు కనిపిస్తే చాలు, దిద్దకుండా నిద్ర పట్టదు.

వచ్చినవాళ్లందరూ రాస్తారనుకోకండి. ఇలాంటి చోట్ల నూటికి 90 మంది చదివి వెళ్లిపోతారు, 9 మంది అప్పుడప్పుడు ఒక ముక్క రాస్తారు, ఒక్కరే గట్టిగా రాస్తారు అని, జనం సైట్లను ఎలా వాడతారో పరిశోధించే జాకబ్ నీల్సన్ 2006లో రాశాడు. లెక్క అటూఇటూ కావచ్చు, పోలిక మాత్రం నిజం. కాబట్టి ఎంతమంది చూశారన్న అంకె పక్కన పెట్టి, రెండోసారి రాసినవాళ్లు ఎవరో చూడండి. మొదటిసారి రాసినవాళ్లకి ఆ రోజే, మీలో ఒకరు పేరు పెట్టి జవాబివ్వాలి. ‘బాగుందండీ’ కాదు, చదివినట్టు తెలిసే మాట. ఫోటోలు పంచుకునే ఫ్లికర్ సైటు పెట్టిన తొలిరోజుల్లో కొత్తగా చేరినవాళ్లను దాన్ని నడిపేవాళ్లే స్వయంగా పలకరించేవారు.

రాసినవాళ్లకి డబ్బులిద్దామా, లక్కీ డ్రా పెడదామా అని అడిగారు. వద్దు. డబ్బుకి వచ్చినవాడు డబ్బుతోనే పోతాడు, మధ్యలో మీకు వరద గురించి గూగుల్లో దొరికిన వ్యాసం అతికించి పోతాడు. దానికి బదులు వాళ్ల పాత ఫోటో స్కాన్ చేసి, మరకలు తీసి, పెద్ద ప్రింటు వేసి ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి. ఫోటో వాళ్లదేనని, తీసేయమంటే ఆ రోజే తీసేస్తామని తెలుగులో ఒక్క వాక్యం రాసివ్వండి. నేను చూసినంతలో దీనికి మించిన ప్రచారం లేదు.

ఇంకొకటి, చెప్పడానికి కొంచెం ఇబ్బందైనదే. 2022 మే నెలలో జిల్లా పేరు మార్పు మీద ఈ పట్టణంలో ఏం జరిగిందో, ఇంటర్నెట్ ఎందుకు ఆపేశారో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ మొదటి ఇరవై మందీ ఒకే వీధివాళ్లయితే, ఇరవై ఒకటో మనిషి ఇంటిపేర్లు చదువుకుని ఇది తనకోసం కాదని వెళ్లిపోతాడు. తర్వాత ‘అందరికీ స్వాగతం’ అని ఎంత రాసినా లాభం లేదు. వరద నీళ్లు ముందుగా వచ్చేది లంకల్లోకి, పల్లపు పేటల్లోకి. ముందు అక్కడికే వెళ్లండి.

జగ్గన్నతోట ప్రభల తీర్థంలో స్టాల్ పెడతామన్నారు. కనుమ నాటి ఆ జనంలో, ఆ డప్పుల్లో మీ మాట ఎవరికీ వినపడదు. దానికి ముందే, ఊళ్లలో ప్రభలు కడుతున్నప్పుడు వెళ్లండి. పెద్దలంతా ఒకచోట కూర్చుని ఉంటారు, పాత కబుర్లు వాటంతటవే వస్తాయి. 2006లో, జనమే కలిసి గీసే ఉచిత మ్యాపు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ వాళ్లు బ్రిటన్‌లోని ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో ఓ వారాంతం అందరూ కలిసి తిరిగి చాలావరకు రోడ్లు మ్యాపులోకి ఎక్కించారు. కలిసి చేసిన పని కాబట్టే అది సాగింది. మీరూ అలాగే ఇద్దరిద్దరుగా, ఊరికొక జట్టు వెళ్లాలి. ఒకరు మాట్లాడాలి, ఒకరు స్కాన్ చేయాలి. స్కానర్ ఎవరి దగ్గరుందో ఇప్పుడే చూసుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.